కిటికీ వెనక గొంతు: 'పడోసన్' సినిమా మీద ఒక డబ్బింగ్ రచయిత్రి కేస్ స్టడీ

పోయిన ఎండాకాలం హైదరాబాద్‌లో పదకొండు మంది కొత్త డబ్బింగ్ ఆర్టిస్టులకు నెల రోజులు పాఠం చెప్పే పని ఒప్పుకున్నాను. హిందీ సినిమాలకు తెలుగు మాటలు రాయడం, వాయిస్ రూమ్ అద్దం ఇవతల కూర్చుని వాటిని చెప్పించడం ఇరవై రెండేళ్ళుగా నా వృత్తి. మొదటి రోజు నేను పాఠం మొదలుపెట్టలేదు. టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి, 1968లో వచ్చిన హిందీ సినిమా 'పడోసన్' నుంచి 'ఏక్ చతుర్ నార్' పాట వేశాను. ఇందులో మూడు నోళ్ళు పాడుతున్నాయి, ఎవరి నోటికి ఎవరి గొంతో కాగితం మీద రాయండి అన్నాను.

పాట అందరికీ తెలిసిందే కాబట్టి జవాబులు త్వరగానే వచ్చాయి. సునీల్ దత్ నోటికి కిశోర్ కుమార్ గొంతు. కిశోర్ కుమార్ నోటికి ఆయనదే. మెహమూద్ నోటికి మన్నా డే, మధ్యలో మాటలొచ్చే చోట మెహమూదే. సరే, పక్కన ఇంకో గడి గీయండి, కథ ప్రకారం ఎవరి గొంతు ఎవరిదో అందులో రాయండి అన్నాను. అప్పుడు గది నెమ్మదించింది. సునీల్ దత్ వేసిన భోలా గొంతు కథలోనూ అరువుదే. కిశోర్ వేసిన గురు గొంతు గురుదే. మెహమూద్ వేసిన మాస్టర్ పిళ్ళై గొంతు కథ ప్రకారం మాస్టర్ పిళ్ళైదే. అంటే తెర మీద ఎవరు మోసం చేస్తున్నారని చూపించారో వాళ్ళ లెక్క కథలోనూ నిజంలోనూ ఒకటే. నిజాయితీగా సొంత గొంతుతో పాడే మనిషికి మాత్రం నిజంలో ఇంకొకరి గొంతు. ఓడిపోయేదీ అతనే.

ఈ రెండు గడుల మధ్య ఉన్న తేడాను నెలంతా తవ్వాం. ఆ తవ్వకమే ఈ వ్యాసం.

కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. భోలా పల్లెటూరి అమాయకుడు. ఇరవై అయిదేళ్ళ దాకా బ్రహ్మచర్యం అని శాస్త్రం చెప్పింది, తనకు ఇరవై ఆరు వచ్చేశాయి. ఎదురింటి కిటికీలో బిందు కనిపిస్తుంది. ఆమెకు సంగీతమంటే ప్రాణం, ఇంటికొచ్చి నేర్పే దక్షిణాది మాస్టారు పిళ్ళైకి ఆమె అంటే ప్రాణం. భోలాకు పాట రాదు. అతని స్నేహితుడు విద్యాపతి, అందరూ గురు అని పిలిచే నాటకాల మనిషి, ఒక ఉపాయం చెబుతాడు: నువ్వు కిటికీ దగ్గర పెదాలు కదుపు, నేను పక్కన దాక్కుని పాడతాను. అంటే సినిమా పరిశ్రమ అంతా రోజూ చేసే పనినే ఒక ఇంట్లో, ఒక కిటికీ దగ్గర చేస్తారు.

మన ఇంటి మీదుగా వెళ్ళిన కథ

'పడోసన్' హిందీలో పుట్టిన కథ కాదు. అరుణ్ చౌధురి రాసిన బెంగాలీ కథ 'పాశేర్ బాడీ' దీనికి మూలం. దాన్ని 1952లో సుధీర్ ముఖర్జీ అదే పేరుతో సినిమాగా తీశారు. భాను బందోపాధ్యాయ్, సావిత్రి ఛటర్జీ నటించారు, సలిల్ చౌధురి సంగీతం. మరుసటి ఏడాదే అది తెలుగుకు వచ్చింది. సి. పుల్లయ్య గారి 'పక్కింటి అమ్మాయి', 1953. రేలంగి, అంజలీదేవి జంట. గాయకుడు ఎ.ఎం. రాజా అందులో తెర మీదే కనిపించారు. ఈ విషయం చెప్పగానే తరగతిలో సగం మంది ఆశ్చర్యపోయారు, ఎందుకంటే కిశోర్ కుమార్ చేసిన పని, అంటే పాడేవాడే తెర మీదికి రావడం, మన దగ్గర పదిహేనేళ్ళ ముందే జరిగిపోయింది. 1960లో అంజలీదేవే 'అడుత్త వీట్టు పెణ్' పేరుతో తమిళంలో తీసి, మళ్ళీ తనే నాయికగా చేశారు. ఆదినారాయణరావు గారి సంగీతంలో పి.బి. శ్రీనివాస్ పాడిన 'కణ్ణాలే పేసి పేసి' ఆ సినిమాలోదే. కథ హిందీకి చేరేసరికి మూడు భాషల నీళ్ళు తాగింది.

1981లో కె. వాసు దర్శకత్వంలో తెలుగులో మళ్ళీ 'పక్కింటి అమ్మాయి' వచ్చింది. చంద్రమోహన్, జయసుధ నాయకా నాయికలు. బాలు గారు, సంగీత దర్శకుడు చక్రవర్తి గారు ముఖ్య పాత్రలు వేశారు. మా వృత్తివాళ్ళకు ఇది చాలా ఇష్టమైన సంగతి. ఆ ఇద్దరూ డబ్బింగ్ మనుషులు. చక్రవర్తి గారు సంగీతంతో పాటు డబ్బింగ్ గొంతుగానూ పేరున్నవారు. బాలు గారు కమల్ హాసన్‌కు ఏళ్ళ తరబడి తెలుగు గొంతు. ఒకరి పెదాలకు ఇంకొకరి గొంతు అతికే కథలో, జీవితమంతా ఆ పనే చేసినవాళ్ళు తెర మీదికి వచ్చి నిలబడ్డారు.

కథ వయసు ఇంకా వెనక్కి లాగొచ్చు. 1897 నాటి ఫ్రెంచి నాటకం 'సిరానో'లో పెద్ద ముక్కు సైనికుడు చీకట్లో నిలబడి అందగాడి తరఫున ప్రేమ మాటలు చెబుతాడు. కానీ సిరానో ఆ అమ్మాయిని తనూ ప్రేమిస్తాడు, అందుకే అది ఏడిపిస్తుంది. 'పడోసన్'లో గురుకు బిందు మీద ఏ ఆశా లేదు. అతనికి ఇది ఒక ప్రదర్శన, పెట్టీ తబలాతో సహా రక్తి కట్టించాల్సిన నాటకం. ఈ ఒక్క తేడాతో కన్నీటి కథ నవ్వుల కథ అయింది. నా ఉద్దేశంలో 'పడోసన్' స్క్రిప్టు మొత్తానికి వెన్నుపూస ఇదే. గురు మనసులో రవ్వంత ప్రేమ పెట్టి ఉంటే సినిమా బరువెక్కి కూలిపోయేది.

ఎవరెవరు కలిశారు

నిర్మాతలు మెహమూద్, ఎన్.సి. సిప్పీ. దర్శకుడు జ్యోతి స్వరూప్. స్క్రీన్‌ప్లే, పాటలు రెండూ రాజేంద్ర కృష్ణవే. మాటలు రాసినవాడే పాటలూ రాస్తే ఏమవుతుందో ఈ సినిమాలో స్పష్టంగా వినిపిస్తుంది. సంభాషణ ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు, పాట మధ్యలో తిట్టుకోవడం కూడా తాళంలోనే ఉంటుంది. ఆయన మద్రాసులో ఏవీఎం వాళ్ళ హిందీ సినిమాలకు చాలా రాసిన మనిషి. అంటే పిళ్ళై లాంటి వాళ్ళ మధ్య తిరిగినవాడే.

సంగీతం రాహుల్ దేవ్ బర్మన్. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. 1961లో 'ఛోటే నవాబ్'తో ఆయనకు మొదటి సినిమా ఇచ్చింది మెహమూదే. 1966లో 'తీస్రీ మంజిల్' ఆయన్ని నిలబెట్టింది. కిశోర్ కుమార్ సంగతి వేరు. 'ఆరాధన' ఇంకా రాలేదు, అది 1969. తర్వాత దేశమంతా ఊగిపోయిన ఆ గాయకుడు 1968లో ఎక్కువగా దేవానంద్‌కీ తనకీ పాడుకుంటున్న నటుడు. 'పడోసన్' చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. దాక్కుని పాడే గురు ఆనాడు హిందీ పాటలో కిశోర్ ఉన్న చోటును గుర్తు చేస్తాడు. మరుసటి ఏడాదికి కిటికీ తెరుచుకుంది.

సునీల్ దత్‌ను భోలాగా తీసుకోవడం నాకు ఇప్పటికీ సాహసంగానే అనిపిస్తుంది. 'మదర్ ఇండియా'లో బిర్జూ, 'ముఝే జీనే దో'లో బందిపోటు. అలాంటి కండలు తిరిగిన గంభీరమైన మనిషి నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, రాని పాటకు పెదాలు ఊపుతుంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? హాస్యనటుడు అదే చేస్తే సగం నవ్వే వచ్చేది. హాస్యానికి పేరున్న కిశోర్, మెహమూద్ ఇద్దరూ అటూ ఇటూ చెలరేగుతుంటే, మధ్యలో దత్ సాబ్ చాలా శ్రద్ధగా, నిజంగా ప్రేమించినవాడిలా ఉంటారు. ఆ శ్రద్ధ లేకపోతే బిందు అతన్ని చేసుకోవడానికి కారణమే కనపడదు.

బిందుగా చేసిన సైరా బాను గురించి నేను తక్కువే చెబుతాను, సినిమా కూడా ఆమెకు తక్కువే ఇచ్చింది. సైకిళ్ళ మీద స్నేహితురాళ్ళతో సాగే 'మై చలీ మై చలీ' పాటలో ఉన్న స్వేచ్ఛ మిగతా సినిమాలో ఆమెకు దొరకలేదు. అరువు గొంతు సంగతి బయటపడ్డాక ఆమెకు వచ్చిన కోపానికి కథ గౌరవం ఇవ్వలేదని తరగతిలో ఒకమ్మాయి అంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

పెదాలు

'మేరే సామ్నే వాలీ ఖిడ్కీ మే' పాటను మేము లూపులుగా, అంటే డబ్బింగ్ కోసం తీసుకునే చిన్న చిన్న ముక్కలుగా, కోసి చూశాం. మా పనిలో మొదట వెతికేది మూసుకునే పెదాలను. ప, ఫ, బ, భ, మ పలికితే పెదాలు కలవాలి, దానికి మినహాయింపు లేదు. తెర మీద పెదాలు కలిసిన చోట మనం 'క' రాస్తే ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. ఈ పాట మొదటి ముక్కలోనే 'మేరే', 'సామ్నే', చివర 'మే'. మూడు మకారాలు, మధ్యలో పెదవి పళ్ళకు తగిలే 'వా'. దొంగ లిప్ ఇచ్చేవాడికి, అంటే పాడకుండా పెదాలు మాత్రం కదిపేవాడికి, ఇది అత్యంత కష్టమైన ముక్క. భోలా దాన్ని మరీ ఎక్కువ చేసి, ప్రతి మకారాన్నీ నమిలినట్టు ఇస్తాడు. నిజంగా పాడేవాడు పెదాలను అంతగా ఆడించడు, శ్వాస దాచుకోవాలి గదా. సునీల్ దత్‌కు ఆ తేడా తెలుసు. పదేళ్ళకు పైగా పాటలకు చక్కగా పెదాలు కదిపిన నటుడు, ఇక్కడ ఆ పని చేతకానివాడి పెదాలను నటించాడు. ఒక నైపుణ్యం ఉన్న మనిషి అది లేనట్టు కనిపించడం ఎంత కష్టమో డబ్బింగ్ బూత్‌లో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది.

ఆ పాటలో గీకినట్టు వినిపించే లయ ఒకటుంది. దువ్వెనను గరుకు వస్తువు మీద రాసి బర్మన్ ఆ శబ్దం పుట్టించారు. మా పిల్లలు ఆ శబ్దం విని సింథ్, అంటే ఎలక్ట్రానిక్ వాద్యం, అనుకున్నారు. ఇంట్లో ఉండే దువ్వెనతో ఇంట్లో జరిగే మోసానికి తాళం వేశాడన్నమాట. ఖరీదైన వాద్యం ఏదైనా అక్కడ పెట్టి ఉంటే, గురు బృందం దగ్గర అదెక్కణ్ణుంచి వచ్చిందని అనుమానం వచ్చేది.

కెమెరా ఎక్కడుందో కూడా చూశాం. బిందు కిటికీ నుంచి చూస్తే భోలా ఒక్కడే పాడుతున్నాడు. మనం ఉన్న చోటి నుంచి చూస్తే భోలా, అతని పక్కన గురు, గురు చుట్టూ బృందం. దర్శకుడు మనల్ని గురు పక్కన కూర్చోబెట్టాడు. ఇది గమనించాక ఒక ప్రశ్న దానంతటదే వచ్చింది. నాయకుడు పాడట్లేదని సినిమా చూసే ప్రతివాడికీ తెలుసు, ఎవరూ కోపం తెచ్చుకోరు. బిందుకు మాత్రం ఎందుకంత కోపం? ఆమె ప్రేక్షకురాలిగా కాకుండా మనిషిగా ఆ పాట విన్నది. ఆ పాట ఆమెకే పాడారని నమ్మింది. ప్లేబ్యాక్ అనే ఒప్పందం టికెట్టు కొన్నవాళ్ళకూ తెరకూ మధ్య ఉంటుంది, బిందు ఆ టికెట్టు కొనలేదు.

ఇక ఆఖరి ఘట్టం. కోపంతో బిందు వేరే పెళ్ళికి ఒప్పుకుంటే, గురు బృందం భోలా చచ్చిపోయాడని నాటకం ఆడుతుంది. భోలా శవంలా పడుకుంటాడు, బిందు వచ్చి ఏడుస్తుంది. సినిమా పొడుగునా పాటతో ఆమెను గెలవాలని చూసినవాడు చివరికి గొంతే లేకుండా, పెదవి కూడా కదపకుండా గెలిచాడు. ఇది కూడా మోసమే, కానీ ఈసారి అరువు గొంతు లేదు. రాజేంద్ర కృష్ణ ఇది కావాలనే చేశారో లేదో గానీ, రాసేవాళ్ళు నేర్చుకోవలసిన ముగింపు.

పోటీ పాట

'ఏక్ చతుర్ నార్' అనే మాటలు కిశోర్ ఇంట్లోవే. 1941లో వచ్చిన 'ఝూలా'లో ఆయన అన్నయ్య అశోక్ కుమార్ ఈ పల్లవితోనే పాడారు. ఆ పాత ముక్కను తీసుకుని బర్మన్, రాజేంద్ర కృష్ణ ఒక పోటీగా అల్లారు. ఒక కిటికీలో పిళ్ళై, శాస్త్రీయంగా, గమకాలతో. ఇంకో కిటికీలో భోలా, వెనక గురు. గురు శాస్త్రంతో పోటీకి దిగడు. శాస్త్రాన్ని వంటింట్లోకీ గుర్రాల కొట్టంలోకీ లాగి, పిళ్ళైకి లెక్క తప్పేలా చేస్తాడు.

మన్నా డే తన పినతండ్రి కె.సి. డే దగ్గర మొదలుపెట్టి శాస్త్రీయ సంగీతం సాధన చేసిన మనిషి. కిశోర్‌కు ఆ శిక్షణ లేదు. అలాంటి కిశోర్ చేతిలో పాటలో ఓడిపోవాలంటే తనకు మింగుడుపడలేదని మన్నా డేనే చెప్పుకున్నారు. తర్వాత అదే కిశోర్‌ను మెచ్చుకున్నారు కూడా. ఇంకో సంగతి కలిపి చూస్తే ఈ ఇబ్బంది లోతు తెలుస్తుంది. 1956లో 'బసంత్ బహార్' కోసం 'కేతకీ గులాబ్ జుహీ' పాటలో ఆయన భీమ్‌సేన్ జోషీతో పోటీ పడి గెలవాలి. అంత పెద్ద విద్వాంసుడి మీద గెలవడమా అని అప్పుడు భయపడ్డారు. పన్నెండేళ్ళ తర్వాత ఓడిపోవడానికి బాధపడ్డారు. కథ ఎవరిని గెలిపించమంటే వాళ్ళు గెలుస్తారు, గొంతులోని విద్యకు అక్కడ ఓటు లేదు. డబ్బింగ్ చెప్పే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసిన నొప్పే.

మేము ఆ పాట పల్లవిని తెలుగు చేయబోయి ఇరుక్కుపోయిన తీరు చెప్పాలి. ఏక, చతుర, నారి, సింగారం. అన్నీ మనకూ ఉన్న మాటలే. పైగా ఆ ముక్కలో పెదాలు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. ఇంతకన్నా సులువైన లూపు దొరకదని పిల్లలు సంబరపడ్డారు. తీరా రికార్డు చేస్తే కూర్చోలేదు. హిందీ 'నార్' దీర్ఘం మీద నోరు తెరిచి రేఫ దగ్గర తెగిపోతుంది. మన 'నారి' అచ్చుతో ముగుస్తుంది, పెదాలు ఇకారానికి పక్కకు సాగాలి. తెర మీద మెహమూద్ నోరు అప్పటికే ఆగిపోయింది, మన గొంతు ఇంకా నడుస్తోంది. అజంత భాష అందాన్ని వెయ్యిసార్లు పొగుడుకుంటాం. హిందీ సినిమాకు మాటలు రాసేటప్పుడు ప్రతి వాక్యం చివరా ఆ అందం పావు సెకను ఎక్కువ అడుగుతుంది. 'నారీ' అని ముందే దీర్ఘం తీసి, 'నా'ను కుదిస్తే కొంత సర్దుకుంది. కొంతే.

పిళ్ళై

ఈ కేసు నేను ఎంచుకోవడానికి అసలు కారణం ఇది. చాలా ఏళ్ళ కిందట ఒక హిందీ సినిమాకు మాటలు రాశాను. అందులో దక్షిణాది వంటవాడి పాత్ర ఒకటి, పని అంతా యాసతో నవ్వించడమే. తెలుగులో ఆ నవ్వు రావాలంటే వాణ్ణి పక్క రాష్ట్రం వాడిని చేసెయ్యమన్నారు పని ఇచ్చినవాళ్ళు. చేశాను. డబ్బులు సమయానికే వచ్చాయి. ఆ రీలు టీవీలో వచ్చినప్పుడు ఇప్పటికీ చానల్ మారుస్తాను.

మెహమూద్ చేసిన మాస్టర్ పిళ్ళైలో అద్భుతమైన నటన ఉంది, దాన్ని కాదనను. ఒక్క 'అయ్యో'ను ఆయన ఎన్ని రకాలుగా పలికాడో మా తరగతిలో ఒకబ్బాయి పట్టీ రాయడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. శరీరం, పిలక, పంచె, కళ్ళు తిప్పడం, అన్నీ ఒక తాళంలో ఉంటాయి. అంతకు మూడేళ్ళ ముందు, 1965లో 'గుమ్‌నామ్'లో ఆయన హైదరాబాదీ మాట్లాడే బట్లర్ వేశాడు. మన దక్కనీ మాటను దేశం మొత్తానికి వినిపించిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. ఆ పాత్రలో యాస ఆ మనిషిది అనిపిస్తుంది, 'హమ్ కాలే హై తో క్యా హువా' అని తన నలుపు మీద తనే గర్వంగా పాడతాడు. పిళ్ళై అలా కాదు. అతను ఒక ఊరివాడు కాదు, ఒక భాషవాడు కాదు. తమిళమో మలయాళమో తెలియదు, 'మద్రాసీ' అంతే. నాలుగు భాషలు, నాలుగు సంగీతాల యాసలు ఒకే పిలకలో ముడివేశారు.

భోలా అరువు గొంతును కథ బయటపెడుతుంది, దాని మీద పెద్ద గొడవ నడుపుతుంది. మెహమూద్ అరువు తెచ్చుకున్న గొంతును, అంటే మన యాసను, ఎవరూ అడగరు. నా అభ్యంతరమంతా ఇక్కడే. అందులోనూ కథలో నిజంగా పాట వచ్చిన మనిషి పిళ్ళై ఒక్కడే కదా ప్రేమికుల్లో. తన విద్యను తన నోటితో చూపించుకున్నవాడు నవ్వులపాలై, నోరు ఆడించినవాడు పెళ్ళికొడుకయ్యాడు.

తర్వాత వచ్చిన హిందీ సినిమాల్లో ఈ అచ్చు చాలాసార్లు కనపడింది. 1990 నాటి 'అగ్నిపథ్'లో కొబ్బరిబొండాలమ్మే కృష్ణన్ అయ్యర్, 2011 నాటి 'రా.వన్'లో నూడుల్స్‌లో పెరుగు కలుపుకునే శేఖర్. మన దగ్గరా తక్కువేం లేదు. తెలుగు సినిమాలో వడ్డీ వ్యాపారి సేఠ్ వచ్చీరాని తెలుగు మాట్లాడితే హాలంతా నవ్వింది, ఆ సేఠ్‌లకు మాటలు రాసినవాళ్ళు నా గురువుల్లోనే ఉన్నారు. భాషతో నవ్వించడానికి ఇంకో దారి ఉందని చూపించిన సినిమా కూడా హిందీలోనే ఉంది. ఎన్.సి. సిప్పీ తర్వాత హృషీకేశ్ ముఖర్జీతో కలిసి పనిచేశారు. 1975లో వచ్చిన ముఖర్జీ 'చుప్కే చుప్కే'లో ధర్మేంద్ర గ్రాంథిక హిందీ మాట్లాడుతూ కడుపుబ్బ నవ్విస్తాడు. అక్కడ ఏ ఊరివాడూ నవ్వులపాలు కాలేదు, శుద్ధభాష పట్టింపు ఒక్కటే నవ్వులపాలైంది.

మన వైపు నుంచి జవాబులు రెండు వచ్చాయని నేను అనుకుంటాను, ఎవరూ జవాబుగా తీసి ఉండకపోవచ్చు. ఒకటి 'శంకరాభరణం'. 1980లో విడుదలైంది. పిలక, పంచె, కర్ణాటక సంగీతం, శిష్యుల మీద కోపం, అన్నీ ఉన్న సంగీతం మాస్టారే. కె. విశ్వనాథ్ గారు ఆయన్ని చూసిన చూపు వేరు. విశ్వనాథ్ గారు దర్శకుడు కాకముందు మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేశారన్నది మావాళ్ళకు నేను ప్రతి బ్యాచ్‌లో చెబుతాను. రెండోది మరుసటి ఏడాది, 1981లో. విశాఖపట్నంలో తీసిన 'మరో చరిత్ర'ను బాలచందర్ గారు హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీస్తే, బాలు గారి ఉచ్చారణలో దక్షిణాది వాసన ఉందని సంగీత దర్శకుల వైపు సందేహం వచ్చింది. నాయకుడే దక్షిణాది కుర్రవాడు, ఆ వాసన ఉండాల్సిందే అన్నారు బాలచందర్. ఆ పాటలకు బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. పదమూడేళ్ళ ముందు నవ్వించడానికి పెట్టిన యాస, ఇక్కడ ప్రేమించే మనిషి గొంతులో ఉంది. అదే ఏడాది బాలు గారు తెలుగు 'పక్కింటి అమ్మాయి'లోనూ ఉన్నారు.

మా ప్రయోగం

చివరి వారం పిళ్ళై సంభాషణలు రెండు నిమిషాలు, పోటీ పాట మొదటి అంకం తెలుగు చేశాం. తరగతి గది దాటి వెళ్ళని అభ్యాసమే.

మొదటి ప్రతి ఒకమ్మాయి తమిళ యాసలో రాసింది. లిప్ బాగా కుదిరింది, అందరూ నవ్వారు. చిత్తూరు జిల్లా సరిహద్దు ఊరి కుర్రవాడు ఒకడు నవ్వలేదు. వాళ్ళ అవ్వ అలాగే మాట్లాడుతుందట. అది చెప్పేటప్పుడు కూడా వాడు ఫిర్యాదు చేసినట్టు చెప్పలేదు, ఊరికే అన్నాడు. రాసిన అమ్మాయే వెళ్ళి కాగితం చించేసింది.

రెండో ప్రతి గ్రాంథికంలో రాశాం. 'బిందూ, నీ కంఠమందు శ్రుతి స్ఖలించుచున్నది' ధోరణి. వినడానికి బాగుంది గానీ సమాసాలు లూపులో పట్టలేదు. మెహమూద్ మూడు మాటల్లో ముగించిన చోట మనవాడు ఇంకా క్రియ దగ్గరికే రాలేదు.

మూడోసారి, ఈ మనిషి ఏ ఊరివాడు అని అడగడం మానేసి, ఏం పని చేస్తాడు అని అడిగాం. పాఠం చెప్పేవాడు. రోజంతా తొడ మీద తాళం వేసేవాడు. కాఫీ అడిగినా ఆదితాళంలోనే అడుగుతాడు. ప్రతి మాట చివరా ఒక దెబ్బ, కోపం వస్తే వేగం రెట్టింపు, భయం వేస్తే తాళం తప్పుతుంది. మెహమూద్ నటనలో ఆ లయ ముందే ఉంది కాబట్టి లిప్ దానంతటదే దొరికింది. 'తకధిమి' అనే చోట మకారం తెర మీద పెదాలతో కలిసినప్పుడు కన్సోల్ దగ్గరున్న సౌండ్ ఇంజనీర్ బల్ల చరిచాడు. నవ్వు మొదటి ప్రతి కన్నా తక్కువే వచ్చింది. దాన్ని దాచను. కానీ ఆ నవ్వులో అందరూ ఉన్నారు.

పిళ్ళై గొంతు చిత్తూరు కుర్రవాడే చెప్పాడు. పాటలో గురు గుర్రం గోలతో మాస్టారు తడబడే చోట వాడు నాలుగు టేకులు ఇచ్చాడు, నాలుగింటిలోనూ హాస్యం బాగానే పలికింది. నేను ఓకే చెప్పి తర్వాతి లూపు వెయ్యమన్నాను. వాడు హెడ్‌ఫోన్స్ తీయలేదు.

"అక్కా, ఆయన తప్పు పాడలేదు కదా. ఎదుటివాడు తాళం మార్చేశాడు. తప్పు పాడినవాడిలా చెప్పాను నేను. ఇంకొక్కటి ఇస్తాను."

ఇచ్చాడు. ఆ టేకులో స్వరం నిలకడగా ఉంది, తాళం కోసం వెతుకుతున్న కంగారు మాత్రం ఊపిరిలో వినపడింది. అదే ఉంచాం. 'నారి' దగ్గర లిప్ మాత్రం ఇంకా కొంచెం జారుతూనే ఉంది.